సింహావలోకనం



చాలాకాలం తరవాత రాస్తున్న టపా ఇది. ఇంతకాలం ఎందుకు రాయలేదని అడిగినవారికి ఇందులోనే సమాధానం దొరుకుతుంది. కాస్త నిడివి ఎక్కువైతే మన్నించండి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి గంట మోగేదాకా ఆపడం అలవాటు లేదు.

ఈమధ్య నా చొక్కా జేబుకు ఒక చిన్న బిళ్ళ వచ్చి చేరింది. మొన్నొకనాడు సంగారెడ్డి బస్టాండులో ఎదురైన పాత సహోపాధ్యాయుడొకాయన దాన్ని తేరిపార చూసి, "పండితులవారూ, చివరికి మీరు కూడానా!" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే ఆ బిళ్ళ ధరించేవారిని గురించి స్టాఫ్ రూములో పరిహాసాలాడినవారిలో మొదటివాణ్ణి నేనే.

ఆ బిళ్ళ లయన్స్ క్లబ్బుది. నడుమ ఎల్ అనే ఆంగ్లాక్షరం, దానికి అటూ ఇటూ రెండు సింహముఖాలు. ఒక ముఖం గతాన్నీ, ఒక ముఖం భవిష్యత్తునూ చూస్తుంటుందని వారి వివరణ. సంస్కృత న్యాయాలు చదువుకున్నవాడికి ఆ చిహ్నం చూడగానే స్ఫురించే మాట ఒక్కటే. నడుస్తున్న సింహం కొంతదూరం పోయాక ఆగి, వెనుదిరిగి, తాను వచ్చిన దారిని ఒకసారి చూసుకుంటుందట. దాన్నే సింహావలోకన న్యాయం అన్నారు. తరగతిలో ఈ న్యాయాన్ని ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. నేను మాత్రం అరవై దాటేదాకా వెనుదిరిగి చూసుకోలేదు.

ముందుగా నా పరిహాసం సంగతి చెప్పాలి. లయన్స్ వారు 1954లో స్వీకరించిన నినాదాన్ని తెలుగులోకి తెస్తే "మేము సేవిస్తాము" అని వస్తుంది. మన భాషలో సేవించడమంటే కొలవడమూ అవుతుంది, తాగడమూ అవుతుంది. ఔషధం సేవిస్తాం, అమృతం సేవిస్తాం, ఇంకా ఏమేమో సేవిస్తాం. "దేన్ని సేవిస్తారో వాళ్ళు స్పష్టంగా చెప్పలేదు, గమనించారా?" అని నేనంటే స్టాఫ్ రూము ఘొల్లుమనేది. క్లబ్బు అన్న మాటకు నా మనసులో ఉన్న అర్థం అదే. కలిగినవాళ్ళు నెలకోసారి కూడి భోజనం చేస్తారు, ఏడాదికోసారి బడికి వచ్చి నోటుపుస్తకాలు పంచుతారు, ఫోటో దిగుతారు, అంతే.

ఆ పరిహాసం వెనుక ఒక కోపం కూడా ఉండేది. నేను తెలుగు పండితుడిగా ఎక్కువకాలం పనిచేసింది పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ నడుమ, ముంబయి రహదారికి కొంచెం లోపలగా ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. ఈ ప్రాంతం ఎరుగనివారికి ఒక మాట. మెట్టపైర్ల మీద పరిశోధన కోసం 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ వెలసింది పటాన్‌చెరులోనే. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ ఈ నేల మీద పరిశోధనకు వచ్చాయి. అదే దశకంలో ఆ పక్కనే పారిశ్రామికవాడ కూడా పెరగడం మొదలుపెట్టింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం... ఒక్కొక్క ఊరి పేరూ కర్మాగారాల పేరుగా మారిపోయింది. నక్కవాగు నీళ్ళ రంగు మారింది. వాగు పక్క పొలాల రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని ప్రకటించారు. నా తరగతిలో కూర్చున్న పిల్లల్లో సగం మంది ఆ వాగు పక్క పల్లెలవాళ్ళే. అందుకని ఎవరైనా శుభ్రమైన చొక్కా వేసుకుని నోటుపుస్తకాల కట్టతో బడిలోకి వస్తే, వాగును పాడుచేసిన చేతులు వీరివేనేమో అన్న అనుమానం ముందు వచ్చేది, కృతజ్ఞత తరవాత వచ్చేది. ఆ అనుమానం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పను.

2017లో, యాభై ఎనిమిదేళ్ళు నిండి, పదవీ విరమణ చేశాను. శాలువాలు కప్పారు, పద్యాలు చదివారు. ఆ మరునాటి నుంచి ఉదయం తొమ్మిది గంటలకు ఏంచేయాలో తెలియని జీవితం మొదలైంది. పాత నిఘంటువులు తిరగేయడం, ఈ బ్లాగులో నాలుగు ముక్కలు రాయడం, ఇదే వ్యాపకం. కొన్నాళ్ళకు అక్షరాలు మసకబారాయి. ముద్రణ నాణ్యత పడిపోయిందని ప్రచురణకర్తలను తిట్టుకున్నాను. దీపం వెలుగు తగ్గిందని మా ఇంటావిడతో వాదించి రెండు బల్బులు మార్పించాను. ఆమె రెండేళ్ళు ఓపిక పట్టి, "బల్బులు కాదండీ, ఒకసారి మీ కళ్ళు మార్పించుకోండి" అన్నది. 2021లో రెండు కళ్ళకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. కట్టు విప్పిన నాడు మా ఇంటి గోడ తెల్లగా ఉన్నదని తెలిసింది! దాన్ని నేను అంతకాలం గోధుమరంగు గోడ అనుకుంటున్నాను.

చూపు తగ్గినవాడికి తగ్గినట్టు తెలియదు. తనకు కనబడేదే లోకం అనుకుంటాడు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

ఆ శస్త్రచికిత్సకు నన్ను వెంటబెట్టుకుని తీసుకుపోయింది మా వీధిలో మందుల దుకాణం నడిపే మిత్రుడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. లయన్స్ క్లబ్బు సభ్యుడు. నా పరిహాసాలన్నీ విని నవ్వి ఊరుకునేవాడు. 2022 అక్టోబరులో ఒకరోజు వచ్చి, "సార్, వచ్చేవారం కంటి క్యాంపు పెడుతున్నాం. చార్టు దగ్గర నిలబడి అక్షరాలు చదివించే మనిషి తక్కువ పడ్డాడు. అక్షరాలు చదివించడం మీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. సభ్యత్వం గురించి ఒక్క మాట కూడా అనలేదు. గడుసువాడు. నా బలహీనత ఎక్కడుందో పట్టుకున్నాడు.

అక్టోబరులో రెండవ గురువారం ప్రపంచ దృష్టి దినోత్సవం. దానికి 1998లో లయన్స్ సంస్థే నాంది పలికిందని ఆ మిత్రుడు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ వారంలోనే పాశమైలారం వైపు ఒక కర్మాగారం గేటు ముందు షామియానా వేశారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఎ షిఫ్టు దిగేవాళ్ళూ, బి షిఫ్టు ఎక్కేవాళ్ళూ ఒకేసారి గేటు దగ్గర ఉంటారు కనుక ఆ వేళను ఎంచుకున్నారు. ఆ వేళ వెనుక ఉన్న ఆలోచన నాకు నచ్చింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వం కంటివెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించి ఊరూరా కళ్ళు పరీక్షించింది. అయినా రోజుకూలి మీద షిఫ్టుకు పోయే మనిషి ఒక పూట కూలి పోగొట్టుకుని పరీక్షకు రావడం కష్టం. అలాంటివాడి దగ్గరకు మనమే పోవాలి.

నాకు అప్పగించిన పని చాలా సులభం. ఆరు మీటర్ల తాడు కొలిచి ఒక చివర కుర్చీ వేశారు, రెండో చివర గోడకు పట్టిక తగిలించారు. ఈ పట్టికను 1862లో రూపొందించినవాడు హాలండుకు చెందిన స్నెల్లెన్ అనే నేత్రవైద్యుడు. పై వరుసలో ఒక్కటే పెద్ద అక్షరం, చూపు బాగున్నవాడికి అది అరవై మీటర్ల దూరం నుంచి కనబడుతుంది. కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి. ఆఖరి వరుసను ఆరు మీటర్ల నుంచి చదివితే చూపు సరిగా ఉన్నట్టు. ఒరిస్సా, బీహారు నుంచి వచ్చిన కార్మికులకు హిందీ పట్టిక, చదువురానివారికి నాలుగు దిక్కులకూ తిరిగిన ఈ అక్షరం పట్టిక, మనవాళ్ళకు తెలుగు పట్టిక. ఒక కన్ను అరచేత్తో మూయించాలి, నొక్కనివ్వకూడదు. చదివించాలి. కాగితం మీద రాసి, లోపల కూర్చున్న నేత్రపరీక్షకుడి దగ్గరకు పంపాలి.

తెలుగు లిపి కళ్ళకు పెట్టే పరీక్ష ఎంత కఠినమైనదో ఆ రోజే ఆలోచించాను. ద కింద చిన్న గీత గీస్తే ధ. ఆ ధ పొట్టలో చుక్క పెడితే థ. ప పొట్టలో ఒక గీత చేరితే ష. ఆంగ్లంలో అక్షరానికీ అక్షరానికీ ఆకారమే వేరు. మనకు కొన్నిచోట్ల ఒక చుక్కే అక్షరాన్ని మారుస్తుంది. ఆ చుక్క కనబడనివాడికి వర్ణమాలలో కొన్ని అక్షరాలు లేనట్టే.

మూడు గంటల ప్రాంతంలో ఒక నలభై ఏళ్ళ మనిషి కుర్చీలో కూర్చున్నాడు. నీలం యూనిఫారం, చేతులకు గ్రీజు. మొదటి అక్షరం చదివాడు. రెండో వరుసలో ఆగాడు. కళ్ళు చికిలించి, మెడ ముందుకు చాచి, ధను ద అన్నాడు. మూడో వరుసలో అన్నీ ఊహించి చెబుతున్నాడని అర్థమైంది. నేను అలవాటు చొప్పున, "సరిగా చూసి చదువు" అన్నాను. గొంతు కొంచెం పెరిగిందేమో. ఆ మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, చేతులు కట్టుకుని.

"సారూ... మీరు తెలుగు సారు గదా? గుర్తువట్టిన్రా నన్ను? ఇగో, ఇప్పటికి గూడ తప్పే సదువుతున్న" అని నవ్వాడు.

గుర్తుపట్టాను. వాడి పేరు ఇక్కడ రాయను. 1994లో ఆరవ తరగతి. వేమన పద్యం ఒక్కసారి వింటే చాలు, తిరిగి అప్పజెప్పేవాడు. యతి దగ్గర ఎక్కడ ఆగాలో చెప్పకుండానే ఆగేవాడు. కానీ నల్లబల్ల మీద రాసింది నోటులోకి ఎక్కించమంటే అంతా తప్పులే. ఒత్తు ఉన్నచోట ఉండదు, చుక్క ఉన్నచోట ఉండదు. పుస్తకాన్ని మొహానికి ఆనించుకుని చదివేవాడు. దాని చాటున కునుకు తీస్తున్నాడని నేను నిర్ణయించాను. నోటికి వచ్చినవాడికి చేతికి ఎందుకు రాదు? బద్ధకం, పొగరు అనుకున్నాను. రెండో వరుసలో కూర్చునేవాణ్ణి లేపి ఆఖరి బెంచీకి పంపాను.

ఒకనాడు నల్లబల్ల మీద "ప్రథమం" అని రాసి, నోటులో నూరుసార్లు రాసుకురమ్మన్నాను. ఈ మాటను ధతో రాయడం మన రాష్ట్రవ్యాప్త వ్యాధి అని మీకందరికీ తెలుసు. దాన్ని నిర్మూలించడమే నా జీవితాశయం అన్నట్టు ఉండేవాణ్ణి. మరునాడు వాడు నోటు తెచ్చాడు. నూరుసార్లూ రాశాడు, బుద్ధిగా, అంకెలు వేసి. నూరుసార్లూ "ప్రధమం" అనే రాశాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. రెండు అరచేతుల మీదా బెత్తంతో కొట్టాను. "చుక్క! పొట్టలో చుక్క!" అని ఒక్కొక్క దెబ్బకూ ఒకసారి అన్నాను. మరుసటి ఏడు వాడు ఏడవ తరగతి పరీక్ష తప్పాడు. ఏదో మెకానిక్ షెడ్డులో చేరాడని విన్నాను. ఆ మాట విన్నప్పుడు, ముందే ఊహించానని సంతృప్తి పడ్డాను కూడా.

చెవితో విన్నది తప్పులేకుండా వస్తున్నది, దూరం నుంచి చూసింది తప్పుగా వస్తున్నది, దగ్గర పెట్టుకుంటే చదవగలుగుతున్నాడు. సాక్ష్యమంతా నా ముందే ఉన్నది. ఒక పద్యంలో ధ్వని ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నేర్పిన చదువు నాది. ఆ చదువంతా ఉండి కూడా, కళ్ళ ముందు రెండేళ్ళు కూర్చున్న పిల్లవాణ్ణి చదవలేకపోయాను. చూపు తగ్గినవాడికి తగ్గినట్టు తెలియదని పైన రాశాను. వాడికి తెలియలేదు, లోకమంతా అలాగే మసకగా ఉంటుందనుకున్నాడు. నాకూ తెలియలేదు. అయితే వాడు పన్నెండేళ్ళవాడు, నేను జీతం తీసుకునే పంతుల్ని.

నేత్రపరీక్షకుడు వాడి ముక్కు మీద ఖాళీ చట్రం నిలబెట్టి అద్దాలు ఒక్కొక్కటే మార్చాడు. మైనస్ మూడు దగ్గర ఆగాడు. హ్రస్వదృష్టి. నన్ను మళ్ళీ చదివించమన్నాడు. ఈసారి నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. వాడు ఆఖరి వరుస దాకా ఆగకుండా చదివాడు. ఆ తరవాత పట్టిక వదిలేసి అటూ ఇటూ చూడసాగాడు. రోడ్డు అవతల ఒక గోడ మీద పెద్ద అక్షరాలతో భద్రతా సూచన రాసి ఉంది. దాన్ని కాసేపు చూశాడు.

"సారూ, గా గోడ మీద తప్పు రాసిన్రు గదా?"

చూశాను. "భద్రతే ప్రధమం" అని ఉంది.

"గండ్ల సుక్క ఉండాలె గదా సార్. మీరు జెప్పిన్రు. అప్పుడు నాకు కనవడలె. ఉంటదని మాత్రం యాదున్నది" అన్నాడు.

వరుసలో ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. "బాగా చదివావు" అన్నాను. ఆ ఒక్క మాట వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చెప్పాను. తరవాతి మనిషిని కూర్చోమన్నాను.

దగ్గరి చూపుకు వాడే అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు. మన భాషలో ఆ లోపానికి చత్వారం అని చక్కని పేరుంది. నలభై అనే అర్థమున్న సంస్కృత సంఖ్యావాచకంతో దానికి చుట్టరికం. ఆ వయసులో వస్తుంది కనుక ఆ పేరు. దూరపు చూపు అద్దాలు మాత్రం ఒక్కొక్కరి కొలతకూ చేయించాలి, రెండు వారాలు పడుతుంది. పంపిణీ రోజున నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. వాడు వచ్చాడు. వెంట ఒక ఆడపిల్ల.

"మా బిడ్డ సార్, ఎనిమిదో తరగతి. బోర్డు మీదియి సరిగ రాస్కుంటలేదని సార్లు కోపం జేస్తున్నరంట. నాలెక్కనే ఉన్నదేమో, జర చూస్తరా?" అన్నాడు.

ఆ పిల్లను తాడు చివర నిలబెట్టి చదివించాను. నాలుగో వరుసలో ఆగిపోయింది. మళ్ళీ అదే ధ, అదే థ.

ఆ సాయంత్రం మిత్రుడి దుకాణానికి పోయి, "ఆ సభ్యత్వ పత్రమేదో ఇవ్వు" అన్నాను. వాడు సొరుగులోంచి తీశాడు. నా పేరు, చిరునామా అప్పటికే నింపి ఉన్నాయి. చెప్పాను కదా, గడుసువాడని.

2023 జనవరిలో నన్ను చేర్చుకున్నారు. ఈ క్లబ్బుల్లో ఎవరంతట వారు చేరడం కాక, ఒక సభ్యుడు ప్రతిపాదించి పిలవడం ఆనవాయితీ. ప్రమాణం చేయించి బిళ్ళ తగిలించారు. ఏటా చందా ఉంటుంది. సభ్యులు ఒకరినొకరు "లయన్" అని సంబోధించుకుంటారు. సన్నని ఒంటితో, చేతి కర్రతో ఉన్న నన్ను "లయన్ పండిట్‌జీ" అంటే మొదట్లో వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, ఎవరినో పిలుస్తున్నారని. సమావేశాల్లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. తోక మెలిపెట్టేవాడన్న మాట. ఆలస్యంగా వచ్చినవారికీ, ఎక్కువ మాట్లాడినవారికీ సరదా జరిమానా వేస్తాడు. "సేవించు" ధాతువు గురించి ఇరవై నిమిషాలు ఉపన్యసించినందుకు మొదటి సమావేశంలోనే నాకు పది రూపాయలు పడింది. న్యాయమే.

చేరాక వారి చరిత్ర చదివాను. మెల్విన్ జోన్స్ అనే షికాగో బీమా వ్యాపారి, వర్తకుల క్లబ్బులు తమ వ్యాపారాభివృద్ధి కోసమే కూడుకోవడం చూసి, ఆ శక్తిని ఊరి మేలుకు మళ్ళించరాదా అని అడిగాడట. 1917లో మొదలైంది. మన దేశానికి 1956లో బొంబాయి మీదుగా వచ్చింది. ఇప్పుడు రెండు వందలకు పైగా దేశాల్లో, ప్రాంతాల్లో విస్తరించింది. ఇందులో నన్ను ఆపి చదివించింది 1925 జూన్ 30 నాటి సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సీడార్ పాయింట్ అనేచోట జరిగిన మహాసభలో హెలెన్ కెల్లర్ మాట్లాడింది. చూపూ, వినికిడీ రెండూ లేని ఆ మహిళ, అంధుల పక్షాన నిలబడమని ఆ వ్యాపారులను కోరింది. వారు అంగీకరించారు. 1930లో పియోరియా అనే ఊరి క్లబ్బు సభ్యుడొకాయన, రోడ్డు దాటలేక నిలబడిపోయిన అంధుణ్ణి చూసి, ఆయన చేతికర్రకు తెల్లరంగు వేస్తే బండ్లవాళ్ళకు కనబడుతుంది కదా అనుకున్నాడు. తెల్లకర్ర ప్రచారానికి అదొక మొదలు.

నా పాత కోపం ఏమైందని మీరు అడగవచ్చు. అది ఉంది. ఉండాలి కూడా. మా క్లబ్బులో చిన్న కర్మాగారాల యజమానులున్నారు. రెండో సమావేశంలోనే లేచి, "కళ్ళజోడు నక్కవాగుకు పరిహారం కాదు. వాగు బాకీ వేరే, ఇది వేరే. ఒకదానితో ఒకటి చెల్లు వేయకూడదు" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన, "నిజమే సార్" అన్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. అంతకంటే గొప్పగా ఏదో జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. వాగు సంగతి కోర్టులూ, ప్రభుత్వాలూ, ప్రజలూ తేల్చవలసింది. అది తేలేదాకా ఆ పిల్ల నాలుగో వరుస దగ్గరే ఆగి ఉండనక్కరలేదు కదా అని నేను నా మనసుకు చెప్పుకున్నాను.

ఇప్పుడు నా పని ఒక్కటే. వారానికి రెండు రోజులు, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, చుట్టుపక్కల బడులకు పోతాను. సంచీలో ఆరు మీటర్ల తాడు, ఒక పట్టిక ఉంటాయి. ఒక్కొక్క పిల్లకూ రెండు నిమిషాలు చాలు. తరగతిలోకి పోగానే ఆఖరి బెంచీ పిల్లలను ముందు పిలుస్తాను. లోపం ఉన్నవారి పేర్లు రాసి మిత్రుడికి ఇస్తాను. పరీక్షా, అద్దాలూ క్లబ్బు చూసుకుంటుంది. ఇది దానం అని నాకు అనిపించదు. దానం అంటే మన దగ్గర ఉన్నదాన్ని ఇవ్వడం. నేను చేస్తున్నది అప్పు తీర్చడం. అదీ ఎవరికి బాకీ ఉన్నానో వాడికి కాక వేరొకరికి.

వాడికి మాత్రం ఒక మాట చెప్పవలసి ఉండిపోయింది. ఆ పిల్లకు అద్దాలు ఇచ్చిన రోజు ఇద్దరం ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగాం. అప్పుడు చెప్పాను. "ఆనాడు తప్పు నీది కాదురా, నాది. నీకు కనబడటం లేదని నాకు తెలియాలి. నిన్ను కొట్టకూడదు" అన్నాను. పంతుళ్ళు ఇలాంటి మాటలు అంటారని వాడు ఎప్పుడూ అనుకోలేదేమో, గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యో, గట్లనకుండ్రి సార్. మీరు గొట్టకపోతే గా సుక్క నాకు యాదుంటుండెనా?" అన్నాడు.

నన్ను ఓదార్చడానికి అన్నాడు. చాలామంది గురువులు ఈ మాట విని మురిసిపోవడం చూశాను, నేనూ మురిసినవాణ్ణే. ఈసారి ఆ ఓదార్పు తీసుకోలేకపోయాను. వాడికి గుర్తున్నది దెబ్బ. చుక్కను వాడు ఎన్నడూ చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు కనబడని చుక్కను, పంతులు చెప్పాడు కనుక ఉంటుందని నమ్మాడు. అంత నమ్మకాన్ని చేతిలో పెట్టుకుని నేను వాణ్ణి ఆఖరి బెంచీకి పంపాను.

మిత్రులారా, మీలో బడిపంతుళ్ళున్నారు, పిల్లల తల్లిదండ్రులున్నారు. క్లబ్బుల్లో చేరమని నేను చెప్పడం లేదు, అది మీ ఇష్టం. ఒక తాడు మాత్రం కొలిచి ఉంచుకోండి, ఆరు మీటర్లది. నోటితో బాగా చెప్పి చేత్తో తప్పులు రాసే పిల్లవాడు ఎదురైతే, కోపం రాకముందే ఆ తాడు గుర్తుచేసుకోండి.

రోడ్డు అవతలి గోడ మీద ఇప్పటికీ "భద్రతే ప్రధమం" అనే ఉంది. మొన్న అటు పోయినప్పుడు చూశాను. పాత రోజుల్లోనైతే రంగు డబ్బా కొని నేనే చుక్క పెట్టేవాణ్ణి. ఇప్పుడు తొందర లేదు. దాన్ని చూడగల కళ్ళు ఆ దారిలో రోజూ షిఫ్టుకు పోతున్నాయి.

స్వస్తి.